వేపచెట్టుకు ఇనుప మెట్లు

మా ఇంట్లో ఎవరికీ చెట్లెక్కడం రాదు. ఆ అవసరమూ పడలేదు. ఇబ్రహీంపట్నంలో బస్టాండు నుంచి మార్కెట్ వైపు వెళ్లే దారిలో మాది తాళ్లు, తాళాలు, టార్పాలిన్లు, బకెట్లు, గడ్డపారలు అమ్మే దుకాణం. స్టూలు వేసుకున్నా అందనంత ఎత్తులో అక్కడ ఏ సరుకూ పెట్టం. అందని సరుకు అమ్ముడుపోదని మా నాయన నమ్మకం.

నాయన చిన్నప్పుడే వ్యవసాయం వదిలేసి దుకాణంలోకి వచ్చాడు. మా అమ్మ తమ్ముడు, అంటే నా మేనమామ, వదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి జాలిపడుతూ ఉంటారు. నేను దుకాణం వైపు పెరిగాను కాబట్టి నాకు వచ్చిన విద్య బేరం ఒక్కటే. దవాఖానలో డాక్టరు ఐదు రోజులు మందులు వాడమంటే బతిమాలి మూడు రోజులకు ఒప్పించుకొని వచ్చిన మనిషి మా నాయన. జ్వరం తిరిగొచ్చినప్పుడు కూడా ఆ బేరంలో తప్పుందని ఒప్పుకోలేదు. వినాయక చవితి రోజుల్లో బాలాపూర్ లడ్డు వేలం టీవీలో వస్తుంటే ఆయన ప్రతిసారీ మనసు కష్టపెట్టుకుంటాడు. "అందరు పైకే పోతున్నరు. ఒక్కడన్న తక్కువ చేసి అడుగుతలేడు" అంటాడు. నేను ఆయన కొడుకుని.

మామ చేను ఊరికి అవతల, గుట్టల కింద ఉంది. ఒకవైపు ప్లాట్ల వెంచరు, ఇంకోవైపు ఓ పొరుగు రైతు చేను. ఆ రైతుకూ మామకూ మాటలు ఉంటాయి, పోతాయి, మళ్లీ ఉంటాయి. గుట్టల్లో అడవిపందులున్నాయి. వెంచరు వాళ్లు చుట్టూ గోడ కట్టుకున్నాక వాటి పాత దారి మూసుకుపోయి, కొత్త దారి మామ మక్కజొన్న చేనులోంచి పడింది. ఆ వానాకాలం కంకులు పాల మీదికి వచ్చిన రోజుల్లో ఒక రాత్రి వచ్చి పెళ్లి పందిరంత మేర చదును చేసి వెళ్లాయి. తిన్నది కొంచెమే. మిగతాది తొక్కాయి.

మామ మరునాడు దుకాణానికి వచ్చాడు. కౌంటరు ముందున్న స్టూలు మీద కూర్చుని, ఎడమ మోకాలు చేత్తో పట్టుకుని ముందుకు చాపాడు.

"అల్లుడా, తాడు కావాలె."

"ఎంత మామ?"

"ముందుగాల సంగతి విను. ఎంతనో తర్వాత నువ్వే చెప్తవ్."

సంగతి ఇది. పంచాయతీ వాళ్లు రాసి పంపితే, పందులను కాల్చడానికి అటవీ శాఖ నుంచి అనుమతి వచ్చింది. లైసెన్సున్న తుపాకీ ఆయన ఒకరు పట్నం నుంచి శుక్రవారం సాయంత్రం వస్తాడు. ఆయన ఒక్కడే, తుపాకీ ఒక్కటే. ఎవరి చేనులో మంచి చోటు ఉంటే అక్కడ కూర్చుంటాడు. పొరుగు రైతు కూడా అడిగాడు.

"వాని చేన్ల ఒక్క చెట్టు లేదు" అన్నాడు మామ. "నా గట్టు మీద వేప ఉన్నది. మంచె కూడా కట్టిన. ఎక్కుడే తక్లీఫ్. నిచ్చెన పెడ్తనంటే గాయన వద్దంటున్నడు. ఇంకో ఊర్ల వెదురు నిచ్చెన కిర్రుమన్నదట, పందులు పోయినయట. భుజానికి తుపాకీ ఉంటది, రెండు చేతులు పట్టుకొని ఎక్కెతట్టు బోదెకే మెట్లు కట్టాలెనట. గిట్లాంటివి కావాలె అని ఫొటో పంపిండు."

ఫోన్ తీసి చూపించాడు. పరాయి దేశపు అడవిలో ఒక చెట్టు. బోదెకు నిలువుగా, ఒకదాని మీద ఒకటి, మూడు ఇనుప కడ్డీలు. వాటిని పట్టీలతో బిగించారు. ప్రతి కడ్డీకి అటొకటి ఇటొకటి కాలు పెట్టుకునే కొమ్ములు. ఆకుల రంగు బట్టలేసుకున్న తెల్లాయన ఒకడు వాటి మీద నిలబడి నవ్వుతున్నాడు. కింద ధర ఉంది. అది చూశాక ఆయన నన్ను చూసే నవ్వుతున్నాడని అనిపించింది.

"గిదాంట్ల ఏమున్నది మామ? మూడు పైపులు, ఆరు కడ్డీ ముక్కలు, జర తాడు. నేను చేపిస్త. నాలుగో వంతుల అయిపోతది."

"చెట్టుకు గట్టిగ పట్టుకుంటదా?"

"పట్టుకోకపోతే నన్ను అడుగు."

"నిన్ను అడిగితే ఏమొస్తది? గాయన జారితే నా చేన్లకు ఇగ ఎవ్వడు రాడు. కంకి పాల మీద ఉన్నది అల్లుడా. అది గట్టి పడేదాక కాపాడాలె. నాకు ఇంకేం వద్దు, గంతే."

గంతే అన్నాడు కానీ అది గంతే కాదు. ఆ చేను పోతే ఆ ఏడాది మామకు వేరే పంట లేదు.

వెల్డింగ్ దుకాణంలో నా విద్య చూపించాను. ఫొటోలో ప్రతి కడ్డీ వెనుక రెండు చిన్న ఇనుప రెక్కలు ఉన్నాయి. చెట్టును కరుచుకోవడానికి కాబోలు. అవి తీసేస్తే ఎంత తగ్గుతుందని అడిగాను. తగ్గేదెంతో వెల్డింగ్ ఆయన చెప్పాడు. తీసేయమన్నాను.

"ఇది గోడకా, చెట్టుకా అన్నా?" అని అడిగాడు.

"చెట్టుకే."

"సరే, నాకేంది" అన్నాడు, కళ్లకు అద్దం అడ్డం పెట్టుకుంటూ.

లారీల మీద సరుకు బిగించే పట్టీ బెల్టులు కూడా వద్దనుకున్నాను. తాళ్ల దుకాణం పెట్టుకుని బెల్టులు కొనడం నాకు నామోషీగా తోచింది. పని అయ్యాక, ఇంత తగ్గించాడన్న సంతోషంలో ఆయనకూ ఆయన దగ్గర పనిచేసే ఇద్దరికీ చాయ్, సమోసాలు తెప్పించాను. ఇంటికొచ్చాక లెక్క చూస్తే ఆ రెక్కలు పెట్టించుకున్నా ఇంతే అయ్యేదనిపించింది. లెక్క అక్కడితో ఆపేశాను.

గురువారం పొద్దున పైపులు స్కూటరుకు అడ్డంగా పెట్టుకుని, దారినపోయేవాళ్లు తిట్టేవి తిడుతుండగా, చేను చేరాను. మొదటి పైపు బోదెకు ఆనించి తాడు చుట్టాను. గుండ్రటి బోదె మీద గుండ్రటి పైపు పక్కకు దొర్లింది. సరిచేసి చుట్టాను, ఇంకో పక్కకు దొర్లింది. దాన్ని పట్టుకుని ఉంచితే, పైపుకీ బెరడుకీ మధ్య ఖాళీ లేదు. మామ చెప్పు విప్పి కొమ్ము మీద కాలు పెట్టి చూశాడు. బొటనవేలు చెట్టుకు తగిలి ఆగిపోయింది.

"కాలు యాడ పెట్టాలె అల్లుడా? గాలిల పెడుదునా?"

ఆ రెక్కలు దేనికో అప్పుడు తెలిసింది. మామ పంపు గది వెనుక నుంచి విరిగిన మంచం కోళ్లు తెచ్చి, ముక్కలు కోసి, పైపు కూర్చునేలా ఒక్కోదానికి గాడి చెక్కాడు. ఆ ముక్కలు బెరడుకూ పైపుకూ మధ్య దోపితే పైపు కుదురుకుంది. వేలు పట్టే సందు కూడా వచ్చింది. ఈ పనికే మధ్యాహ్నం దాటింది.

తాడు మాత్రం దుకాణంలో ఉన్నవాటిలో మంచి నైలాన్ తాడే తెచ్చాను. దాని దగ్గర బేరం చేయలేదు. సొంత దుకాణంలో ఎవరితో చేయాలో తెలియలేదు. కింది పైపు నేల మీద నిలబడే కట్టాను. పై రెండింటికి మామ పాత నిచ్చెన పట్టుకున్నాడు, నేను చెట్టు వంక తప్ప మరెక్కడికీ చూడకుండా పని చేశాను. ప్రతి పైపుకు పైన ఒక కట్టు, కింద ఒక కట్టు. బోదె చుట్టూ మూడు చుట్లు, బలమంతా పెట్టి గుంజి, ముడి. అన్ని ముడులూ ఒకే తీరుగా, ఒకే వరుసలో, ప్రతిదాని నుంచీ చివర ఒక్కటి బెత్తెడు కిందికి వేలాడుతూ, చూడముచ్చటగా వచ్చాయి. కింది పైపుకు రెండు చేతులతో వేలాడాను. కదల్లేదు. ఎగిరి దాని మీద నిలబడ్డాను. కదల్లేదు. ఇక దేనికని నిచ్చెన ఇంటికి చేర్చి, ఫొటో తీసి నాయనకు పంపాను.

అత్త రొట్టెలు, టమాట తొక్కు తెచ్చింది. టిఫిన్ కింద పెట్టి చెట్టును కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవరు కట్టిన్రు?"

"నేనే అత్తా."

"మీ మామకు మోకాలు మంచిగ లేదు. ఆయనను ఎక్కనియ్యకు."

"ఆయనెందుకు ఎక్కుతడు? తుపాకీ సాబ్ కోసం కద కట్టింది."

"మీ మామ సంగతి నీకు ఎర్కలేదు. పక్కింటోళ్లు కొత్త సైకిల్ కొంటె వాళ్ల కంటె ముందు ఈయన తొక్కి చూస్తడు."

మామ రొట్టె నములుతూ గుట్టల వైపు చూశాడు.

శుక్రవారం ఎండ వాలుతుండగా తుపాకీ ఆయన వచ్చాడు. కారు వెంచరు గేటు దగ్గర ఆపి, గట్టు వెంట నడిచి వచ్చాడు. పెద్ద మీసాలవాడినీ గంభీరమైన గొంతునీ ఊహించుకున్నాను. వచ్చినాయన బక్కగా ఉన్నాడు, మెల్లగా మాట్లాడాడు, ఒక చేతిలో ఫ్లాస్కు ఉంది. భుజానికి తగిలించిన పొడుగాటి గుడ్డ సంచి లేకపోతే బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి అనుకునేవాణ్ని. ఆయన వెనకాలే పొరుగు రైతు మోటారు సైకిలు మీద వచ్చి గట్టు మీద ఆగాడు. చూసిపోదామని వచ్చానన్నాడు. బండి ఆపాడు కానీ దిగలేదు.

తుపాకీ ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవరు కట్టిన్రు భాయ్?"

"నేనే సాబ్."

"మీరు ఏం చేస్తరు?"

"మాది తాళ్ల దుకాణం."

"అచ్ఛా! అట్లయితే ఫికర్ లేదు."

మనస్ఫూర్తిగానే అన్నాడు. సంచి దించబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు సాబ్. ముందు నేను ఎక్కి చూపిస్త. మా చేన్ల, మా చెట్టుకు, మా అల్లుడు కట్టింది. నువ్వు ముందుగాల ఎక్కుతె మంచిగుండదు."

"మామ, అత్త ఏమన్నది?" అన్నాను.

"అత్త ఇక్కడ ఉన్నదా?"

అత్త బోరు దగ్గర ఉంది. మామ పంచె బిగించి ఎక్కడం మొదలుపెట్టాడు. కుడికాలు పైకి వేసి, ఎడమకాలు దాని పక్కకు తెచ్చుకుని, మళ్లీ కుడికాలు. కింది పైపు బాగానే దాటాడు. రెండో పైపు దగ్గర మోకాలు మొరాయించినట్టుంది, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చెయ్యి చాపాడు. నేను కట్టిన ముడి నుంచి వేలాడుతున్న తాడు చివర దొరికింది. పుట్టినప్పటి నుంచీ ఎడ్ల పగ్గాలు పట్టిన చెయ్యి. వేలాడే తాడు కనిపిస్తే పట్టి గుంజకుండా ఉండదు. గుంజి, పైకి లేచాడు. ఆ పైది గుంజి ఇంకొంచెం లేచాడు. అన్నిటికంటే పైదాన్ని గుంజి, మంచె మీదికి బోర్లా పడి, వెనక్కి తిరిగి, లేచి కూర్చున్నాడు.

"బంగ్లా మెట్లు లెక్క ఉన్నయ్ సాబ్! రా!" అన్నాడు.

తుపాకీ ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. మూడో పైపు బస్సులో కునుకుతున్న మనిషి తలలా మెల్లగా పక్కకు ఒరిగింది. కాసేపు అట్లాగే ఆలోచించింది. తర్వాత చుట్లు వదులై, జారి, రెండో పైపు మీద పడి, దాన్ని కూడా వెంటబెట్టుకుని కిందికి వచ్చింది. మంచం కోళ్ల ముక్కలు ఆ వెనుక రాలాయి. కింది పైపు ఒక్కటే మిగిలింది. మామ దాని తాడు గుంజలేదు కనుక.

నేను మామ వంక చూడలేక తాడు వంక చూశాను, అప్పుడు తెలిసింది నేనేం కట్టానో.

దుకాణంలో తాడు చుట్ట కట్టినా, మేకుల పొట్లం కట్టినా, టార్పాలిన్ మడిచి కట్టినా మా చేతులు వేసేది ఒకటే ముడి. ఎంత బరువైనా ఆపుతుంది. ఇంటికి పోయాక కొన్నవాళ్లు వేలాడే చివర పట్టి ఒక్కసారి గుంజితే మొత్తం ఊడిపోవాలి. అందుకనే ఆ చివర బెత్తెడు వదులుతాం. పిల్లలు కూడా విప్పుకోవచ్చు. నాయన నాకు నేర్పిన మొదటి పని అది. నేను అప్పటి నుంచి ఎన్ని కట్టానో చెప్పలేను కానీ, కట్టినట్టే ఉండిపోవాలని ఒక్కటి కూడా కట్టలేదు. మా దుకాణంలో కట్టేదంతా విప్పడానికే.

గట్టు మీది నుంచి పొరుగు రైతు మామను పిలిచాడు.

"ఓ అన్నా! మీ అల్లుడు నిన్ను పార్సల్ కట్టిండే!"

"నువ్వు పో రా ఇక్కడి నుంచి!" అన్నాడు మామ పైనుంచి.

చప్పుడు విని అత్త బోరు దగ్గరి నుంచి ఉరికొచ్చింది. కింద పడిన పైపులు చూసింది, నన్ను చూసింది, తర్వాత తల ఎత్తింది.

"ఎక్కొద్దని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్. ఎక్కిన. ఇప్పుడేం చెప్తవ్?"

"దిగు!"

"దేని మీద దిగుదు? నీ మాట మీద దిగుదునా?"

"గా మోకాలు పెట్టుకొని చెట్లెక్కుతరా ఎవరన్న? ఇరవై ఏండ్ల పిల్లగానివా?"

"అరవకే, పందులు పోతయ్!"

"నువ్వు అరుస్తలేవా?"

తుపాకీ ఆయన మర్యాదగా చేను వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆయన పక్కకు వెళ్లాను. ఇక మిగిలింది నా విద్యే.

"సాబ్, అరగంట. అరగంటల మళ్ల కట్టేస్త."

"సూర్యుడు అరగంట ఆగడు భాయ్."

"ఇరవై నిమిషాలు."

"పందులు చీకటి పడుతుంటే దిగుతయ్. నేను అంతకు ముందే సప్పుడు లేకుంట కూసోవాలె."

"పది. పదిల ఒక్క పైపన్న కడ్త. దానికెల్లి మీదికి మామ చెయ్యి అందిస్తడు."

ఆయన చెట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. పైన మామ, కింద అత్త, మాటలు ఇంకా నడుస్తున్నాయి.

"నీకు గంట ఇచ్చినా ఇక్కడికి ఏ పంది వస్తది, చెప్పు" అన్నాడు.

నేను చాలామందితో బేరమాడాను. ఒక్క మెట్టు కూడా దిగని మనిషిని చూడటం అదే మొదలు. పొరుగు రైతు ఇదంతా వింటూనే ఉన్నాడు. బండి స్టార్టు చేసి మెల్లగా అన్నాడు, "సాబ్, మా గట్టు మీద ట్రాక్టర్ ట్రాలీ పెట్టిన. దాంట్ల గడ్డి పరిచిన. ఎక్కుడు ఒక్క అడుగే."

చూసిపోదామని రావడం అంటే అది. తుపాకీ ఆయన మా ముగ్గురికీ చెయ్యెత్తి దండం పెట్టి బండి వెనుక కూర్చున్నాడు. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకున్నాడు.

మంచె మీది నుంచి అంతా బాగా కనిపిస్తుంది. దాన్ని అందుకే కడతారు. మక్కలు మనిషెత్తు పెరిగి ఉన్నందున కింద ఉన్న అత్తకూ నాకూ ఏమీ కనిపించలేదు. మామ మాకు ఒక్కొక్కటీ చెప్పాడు.

"మలుపు తిరిగిన్రు... ఆగిన్రు... దిగిండు. సంచి ఇప్పిండు. ట్రాలీ ఎక్కిండు."

మెడ చాపి చూసి అన్నాడు, "వాడు చాయ్ పోసిస్తున్నడు."

ఆ తర్వాత చెప్పడం ఆపేశాడు. అత్త కూడా అరవడం ఆపేసింది.

నేను పైపులు ఏరుకుని మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. ఈసారి ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి, తాడు అయిపోయేదాకా. చూడటానికి గడ్డలా వచ్చాయి. విప్పాలంటే కొడవలి కావాలి. మూడో పైపు కట్టడానికి ఇంటికి పోయి నిచ్చెన తెచ్చే వెలుతురు లేదు. రెండోదాని మీద నిలబడి కట్టాలి. నేను ఎక్కిన మొదటి చెట్టు అది. ఎక్కుతున్నానన్న సంగతి ఎక్కాక గుర్తొచ్చి రెండు చేతులతో బోదెను వాటేసుకున్నాను. నా తల దగ్గర మామ పాదాలు వేలాడుతున్నాయి.

"దిగు మామ. అయిపోయింది. ఈసారి ఊడదు."

"దిగ."

"కోపమా?"

"కోపం ఎందుకురా? తుపాకీ అటు పోయింది. మరి ఇటు ఎవరు? పైన ఎవడన్న ఉండాలె కద." పాదాలు పైకి తీసుకున్నాడు. "కింద డబ్బా ఉన్నది, అందియ్యి. ఒక కట్టె కూడ."

పురుగుల మందు తెచ్చిన పాత రేకు డబ్బా అది. అందించాను. అత్త రొట్టెల టిఫిన్, ఒక దుప్పటి కూడా నా చేతికిచ్చింది. అవీ అందించాను. అలా పైకీ కిందికీ తిరుగుతూ చెట్టెక్కడం నాకు కొంత వచ్చింది.

చీకటి పడిన కొంచెం సేపటికి అటువైపు నుంచి ఒకే ఒక్క తుపాకీ చప్పుడు వచ్చింది. "పడ్డట్టున్నది" అన్నాడు మామ మెల్లగా. మరుక్షణమే మక్కల్లో సర్రున చప్పుడు మొదలైంది. పడినది పోగా మిగిలిన పందులు బెదిరి, గట్టు దాటి, మా వైపే వస్తున్నాయి. మామ డబ్బా మీద కట్టెతో దంచడం మొదలుపెట్టాడు. అత్త గంటె తీసుకుని ఖాళీ బిందె మీద కొట్టింది. నా చేతిలో ఏమీ లేదు, అరవాలి. నాకు గట్టిగా అరవడం అలవాటున్నది ఒక్కటే మాట. దారినపోయేవాళ్లను దుకాణంలోకి పిలవడం.

"రా అన్నా! రా అక్కా! చూసిపో అన్నా!" అని గొంతు చించుకుని అరిచాను.

పందులు రాలేదు. గట్టు అంచునే తొక్కుకుంటూ గుట్టల వైపు వెళ్లిపోయాయి.

మామ తెల్లవారాక దిగాడు. పై రెండు పైపులూ బాగానే దిగాడు, తాడు ముట్టుకోకుండా, బోదెను కౌగిలించుకుని. కింది పైపు చివరి కొమ్ము మీద మోకాలు పట్టేసింది. ఒక కాలు గాల్లో పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. అత్త రెండు చేతులూ పైకి చాపి కింద నిలబడింది. ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆయన ఊరుకోడని ఆమెకు తెలుసు. చాలాసేపటికి కాలు నేల మీద పెట్టాడు. చెట్టును వదలడానికి ఇంకొంత సేపు పట్టింది.

చేనులోకి వెళ్లి చూశాం. గట్టు పక్కన ఎడ్లబండి వెళ్లేంత బాట పడింది. మిగతా చేను నిలబడే ఉంది. అవతల పొరుగు చేనులో అటవీ శాఖ వాళ్లు వచ్చి పడిన పందిని పూడ్పిస్తున్నారు. మామ గట్టు మీద నిలబడి చూశాడు.

"నా మక్కలు మెక్కి బలిసిన పంది" అన్నాడు. "వాని చేన్ల పడ్డది."

తుపాకీ ఆయన అనుమతి ప్రకారం ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. పందులు మాత్రం ఈ ఊరివే. ఇంటికొచ్చాక అత్త మామకు రొట్టె పెడుతూ, ఇక నువ్వు ఆ చెట్టెక్కితే నేను మా అన్నగారింటికి పోతానంది. మామ వాదించలేదు. ఎప్పుడూ వాదించే మనిషి. మోకాలి మీద చెయ్యి వేసుకుని రొట్టె తుంచుతూ కూర్చున్నాడు.

"మరి పైన ఎవరు?" అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు.

"రోజు విడిచి రోజు వస్త" అన్నాను.

"పందులు రోజు విడిచి రోజు వస్తయా?" అంది అత్త.

"దుకాణం మూసినంక వస్త. తొమ్మిదింటికి."

"పందులు పొద్దు గూకంగనే వస్తయ్. నువ్వొచ్చి ఏం చూస్తవ్, తొక్కిన జాగ చూస్తవా?"

ప్రతిరోజూ పొద్దు గుంకే ముందు రావడానికి, తెల్లారేదాకా ఉండటానికి, డబ్బా నేనే తెచ్చుకోవడానికి, కంకి గట్టిపడేదాకా మానకుండా ఉండటానికి ఒప్పుకున్నాను. నేనేం అడిగానో గుర్తులేదు. ఏదీ అడిగినట్టు లేదు. ఈ సంగతి చెబితే నాయన కడుతున్న పొట్లం పక్కన పెట్టాడు. "పచ్చి కంకులన్న అడిగినవా?" అన్నాడు. అడగలేదన్నాను. లేచి వెళ్లి దుకాణం ముందు నీళ్లు చల్లాడు.

అట్లా ప్రతి సాయంత్రం నేను పైన, మామ కింద నులక మంచం మీద. పగలంతా దుకాణంలో కూర్చునే నిద్రపోయేవాణ్ని. చీకటి పడేదాకా మామ పైకి చూసి అడిగేవాడు.

"ఏం కనవడ్తున్నది అల్లుడా?"

"మక్కలు."

"మక్కలని నాకెర్క. ఊగుతున్నయా?"

"ఊగుతున్నయ్."

"అన్ని ఒక్కతీరు ఊగుతున్నయా, ఏదన్న ఒక్క సాలు ఊగుతున్నదా?"

మొదట్లో నాకు తేడా తెలియలేదు. ఏది కదిలినా డబ్బా కొట్టాను. కుక్కలు, కాకులు, పాలు తెచ్చే మనిషి, అందరూ బెదిరిపోయారు. మామ ఓపిగ్గా అడుగుతూనే ఉండేవాడు. ఆయనకు కింది నుంచి ఏమీ కనిపించదు. నేను చెప్పిందే ఆయన చూసింది. అందుకని రానురాను జాగ్రత్తగా చెప్పడం అలవాటైంది. వెంచరు గోడ వైపు మూడు సాళ్లు వంగాయి మామ, లేచాయి, గాలే. గుట్ట కింద ఒక చోటే ఊగుతోంది, ముందుకు వస్తోంది. అంటే చాలు, ఆయన కింద లేచి కూర్చుని "కొట్టు!" అనేవాడు. పందులను చాలాసార్లు గట్టు దాకా రానిచ్చి మళ్లించాం. రెండుసార్లు మాకు చేతకాలేదు.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికే మామ చేనులో ఉన్నాడు. నేను ఎక్కి కూర్చున్నాక కింది నుంచి ఒక కంకి విరిచిన చప్పుడు వినిపించింది. పొట్టు ఒలిచి, ఒక గింజ మీద బొటనవేలి గోరు పెట్టి నొక్కాడు. పాలు రాలేదు. గోటి గుర్తు కూడా పడలేదు. నాలుగు సాళ్లు దాటి ఇంకోటి విరిచి నొక్కాడు. అత్త ఆయన మాట నమ్మక ఆయన చేతిలోంచి కంకి తీసుకుని తానూ నొక్కి చూసింది. తల ఊపి, కంకి కొంగులో వేసుకుని ఇంటి వైపు నడిచింది.

మామ చెట్టు కిందికి వచ్చి తల పైకెత్తాడు.

"అల్లుడా, ఇగ దిగు."